గజ్జెల పొట్టేలు

డండీలో మూడున్నరకే చీకటి పడే కాలం.
టే నది మీంచి వచ్చిన మంచు
కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూస్తుంది.
కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీకి ఇంకా నాలుగు గంటలు.
హీటరు పక్కన కాళ్లు చాపుకుని
నేను సంతకి పోతాను.

కంప్యూటర్లో సంత.
పేర్లు తెలియని వేలమంది అక్కడ
ఉప్పూ కత్తులూ చేపలూ అమ్ముకుంటారు.

పదకొండు వారాలు గనులు తవ్వితే దొరికింది నాకు
ఈ పొట్టేలు.
ఏనుగంత. ఇత్తడి కొమ్ములు. నాలుగు కాళ్లకీ గజ్జెలు.
ఏడు సెకన్లకోసారి ఒళ్లు విదిలిస్తుంది,
ఘల్లు.
ఆపైన ఒక అరుపు,
గొంతులో గులకరాళ్లు పోసుకున్నట్టు.

దాన్ని వెంటేసుకుని సంతలో అడుగు పెడితే
మగపెళ్లివారి నడక వచ్చేసేది నాకు.
తిన్నగా తీసుకెళ్లి
ఖజానా గుమాస్తా ఎదుట ఆపేదాన్ని.
ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావలసిందేగా,
చూడకుండా ఎక్కడికి పోతారు?

ఒక గురువారం
తెల్లగడ్డం బొమ్మ ఒకటి, పేరు పాతమేకు,
వచ్చి నా పొట్టేలు పొట్ట కింద నిలబడింది.
కుడికి జరిగింది. ఎడమకి జరిగింది.
వంగింది. లేచింది.
జరిగినప్పుడల్లా పొట్టేలు బుస్సుమంది
(ముట్టుకుంటే అలాగే అంటుంది అది).
పది నిమిషాలు.
ముచ్చటపడుతున్నాడనుకున్నాను.
"నచ్చిందా?" అని రాశాను.
పక్కన నవ్వే ముఖం కూడా పెట్టాను.

చాలాసేపటికి,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటూ,
జవాబొచ్చింది.
"అందంగా ఉందమ్మాయీ.
గుమాస్తా మాత్రం దాని కడుపులో ఉండిపోయాడు.
పోయినేడు నాకు పక్షవాతం వచ్చింది, చెయ్యి వణుకుతుంది.
ఎంత గురి చూసినా నీ జంతువే తగులుతోంది."

రోజూ రాత్రి
వణికే వేళ్లను కప్పు చుట్టూ ఒక్కొక్కటే చేర్చి
టీ ఒలక్కుండా పట్టుకునేదాన్ని నేనే.
కుక్క మొరుగుతోందని మొన్ననే
కింది ఇంటి మిసెస్ గెమ్మెల్ తలుపు కింద
చీటీ తోసినదాన్నీ నేనే.
గురివిందకి వెనకవైపు అద్దం ఎవరు పడతారు?

పొట్టేలుని లోపలికి పంపే మీట ఎక్కడుందో తెలియలేదు.
పదకొండు వారాలు దాన్ని సంపాదించడం నేర్చుకున్నాను,
దాచడం ఒక్కసారీ వెతకలేదు.
ఇక చేసేదేముంది,
నేను నడిస్తే అదీ నడుస్తుంది.
వంతెన దాకా నడిచాను.
వెనక ఘల్లు, ఘల్లు, అరుపు.
తిరిగి చూస్తే పాతమేకు
మూడు చేపలూ ఒక పగిలిన లాంతరూ
జాగ్రత్తగా ఖజానాలో జమ చేస్తున్నాడు.

ఆ సంతలో దీనికి చట్టం లేదు.
జరిమానా వెయ్యరు, బంట్రోతు రాడు.
మీట దొరికింది తర్వాత, ఎడమ మూల, కందిగింజంత.
అయినా ఒక్కోరోజు నొక్కబుద్ధి కాదు,
వంతెన అవతల కట్టేసి వెళ్తాను.
ఖజానా దగ్గర నిలబడితే
ఎక్కడో దూరంగా, ఎవరి కోసమూ కాకుండా,
ఘల్లు.

నిన్న ఎవరో కుర్రాడు డ్రాగన్‌తో దిగాడు.
సంత సంతంతా పొగ.
గుమాస్తా లేడు, కూరగాయల కొట్టు లేదు,
తోక కింద నలుగురం.
నేను దాని పొట్ట కిందికి వెళ్లి
కుడికి జరిగాను, ఎడమకి జరిగాను,
వంగాను, లేచాను.
"బాగుంది కదా?" అన్నాడు వాడు.
తొందరపడకుండా మొదలుపెట్టాను,
"అందంగా ఉంది నాయనా..."

కింద కుక్క మొరిగింది.
డ్యూటీకి టైమైంది.
కోటు వేసుకుని మెట్లు దిగుతుంటే
మిసెస్ గెమ్మెల్ తలుపు దగ్గర కాళ్లు ఆగాయి.
ఆ చీటీలో
మొదటి మాట రాయలేదు నేను.