ఎడమ పక్క

ఆమదాలవలస చెరుకు మిల్లులో ఒకప్పటి కేన్ ఇన్‌స్పెక్టర్
సన్యాసిరావు గారి జావా
కోళ్లగూడు వెనకాల దొరికింది.
ట్యాంకు మీద రెట్టలు, సీట్లో ఎలకల కాపురం.
కిక్కు కొడితే మాత్రం
అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలా
రెండు దగ్గులు దగ్గి లేచింది.

ఇంజను సంగతి సత్తార్ చూసుకున్నాడు,
ఏడు రోడ్ల కూడలి దగ్గర, రెండు నెలలు.
రంగు నేనే వేశాను, ఎండుమిరప ఎరుపు, మూడు పూతలు.
మిగిలింది ఒక్కటే.
ట్యాంకుకి కుడి పక్కనున్న క్రోమ్ పలక
ఎడమ పక్క లేదు.
జానెడు రేకు. మోకాలు ఆనే చోటు.
ఉన్నవాడికి దాని పేరైనా తెలీదు,
లేనివాడికి నిద్ర రాదు.

విశాఖ వెళ్లి
పూర్ణా మార్కెట్టు పాత ఇనుము కొట్లలో
గొంతుక్కూచుని వెతికాను.
ఒకడు బుల్లెట్‌ది చూపించి
సాగదీస్తే ఇదే సరిపోద్ది సార్ అన్నాడు.
మైసూరు నుంచి పార్సిలొచ్చింది, పదిహేడు వందలు.
ఆనిస్తే రెండు వేళ్లు పొట్టి.
మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి
అట్లు తిరగెయ్యడానిక్కూడా పనికిరాదని తేల్చేసింది.

బుడితి వెళ్లమని సత్తారే అన్నాడు.
బిందెలు కొట్టేవాళ్లకి వంపు సంగతి తెలీదా అని.

కంచరి గుంపస్వామి
కుడి పలకని అరచేతిలో తూచాడు,
గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"ఇదేటి బాబూ, ఏ అమ్మోరి కవచం?"
చెప్పాను.
"బండికా!" అని నవ్వి
"ఇత్తడైతే సేస్తాను. ఇనప రేకు నా సెయ్యి ఒప్పుకోదు."

పలక ఆయన దగ్గరే ఒగ్గేసి,
రెండు పక్కలా బోడి ట్యాంకుతో తిరిగాను తొమ్మిది రోజులు.
పదో రోజు, చింతపండుతో తోమి
పాత పంచె ముక్కలో చుట్టి ఇచ్చాడు.
అబ్బ, ఆ వంపు!
నిండు బిందె నడుం మీదికి జారే చోటు.
పాతదాని పక్కన పెడితే వెంట్రుక వాసి తేడా లేదు.
బండికి ఆనించి చూద్దును కదా,
అదీ కుడిదే.

"మీరు ఇలాటిదే కావాలన్నారు గదా"
అన్నాడు గుంపస్వామి, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో.
అరుగు మీద కూచున్నాం కాసేపు.
మా మధ్య రెండు పలకలు,
ఒకే వేపు ఒత్తిగిలి పడుకున్న అన్నదమ్ముల్లా.

అప్పుడాయన మనవరాలు, ఏడో క్లాసు,
గూట్లోంచి ఓ శుభలేఖ తెచ్చింది.
ఖాళీ వేపు పెన్సిల్‌తో పలక గీసి, కత్తిరించి,
అట్ట ముక్కని బోర్లించింది.
"తాతా, ఇది ఎడమ."
చి.ల.సౌ. వరకు పైకి కనిపించింది,
పేరు కత్తెరలో పోయింది.
ఎవరో, ఎక్కడ కాపురమో,
నా బండి ఎడమ కొలత ఆ పిల్లే.

బిగించడానికి రెండు రాత్రులు పట్టింది.
రబ్బరు అంచుని వేణ్ణీళ్లలో నానేసి, సబ్బు రాసి,
హేండిల్ వేపు కొసన దూర్చి నొక్కుకుంటూ వస్తే
సీటు వేపు కొస పైకి లేస్తుంది.
సీటు వేపు నొక్కితే హేండిల్ వేపు.
పదకొండు కేవీ లైన్ల మీద వణకని వేళ్లు నావి,
ఒక స్క్రూ కాలవలో పడేశాయి.
రెండో రాత్రి కరెంటు పోయింది. నా శాఖే, ఎవర్ని తిట్టను?
మా ఆవిడ టార్చి నోట కరుచుకుని
లేచిన కొసని బొటనవేలితో అదిమింది.
టక్.
ఇద్దరం కాసేపు చేతులు తియ్యలేదు.

క్రోమ్ పూత వేయించెయ్, రెండూ ఒకటైపోతాయన్నాడు సత్తార్.
సరే అన్నాను. ఏడాది అయింది.
నాగావళి పాత వంతెన మీద పొద్దున్నే వెళ్తుంటే
కుడి పక్కవాళ్లకి వెండి బండి,
ఎడమ పక్కవాళ్లకి బంగారు బండి.
ఎదురొచ్చేవాళ్లకి
హెడ్‌లైటూ, నా పొట్టా.

రెండో కుడి పలక బుడితిలోనే ఉంది.
డబ్బులిస్తే గుంపస్వామి తీసుకోలేదు.
"ఉండనీ బాబూ, ఆ తెల్లదీ ఏదో నాడు ఊడిపోతాది.
అప్పుడు రా."
అందాకా మనవరాలు
అందులో పెన్సిళ్లు పెట్టుకుంటోంది.