సుంకి ఘాట్‌లో పచ్చనీళ్లు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే లారీలు
నా షెడ్డు ముందటి మలుపులో దగ్గుతాయి.
దమన్‌జోడికి కాస్టిక్ మోసే ట్యాంకర్లకి
ఇంకా కిందే ఆయాసం.

రేడియేటర్ మూత తిప్పే ముందు
పాతగుడ్డ నాలుగు మడతలెయ్యాలి.
మా గురువు దాలినాయుడి కాలిన ఎడంచెయ్యి
నేను చదివిన మొదటి పాఠం.
"ఒట్టి నీళ్లు నూరుకే తిరగబడతాయిరా,
గ్లైకాల్ కలిసినవి ఓర్సుకుంటాయి" అనీవోడు.
పుష్యమాసం తెల్లారగట్ల
దేవమాలి చలి దిగొచ్చి గడ్డి తెల్లబడినా
ఇంజను లోపల గడ్డకట్టవు.
వేడికీ చలికీ ఒకే ముఖం పెట్టే మనిషిని
నేనింకా చూడలేదు.

దానికి రంగు లేదు.
పచ్చదనం కంపెనీ వేసింది, కారితే కనబడాలని.
వాసనా లేదు.
రుచి ఉంది, తియ్యగా.
అక్కడే వచ్చింది చిక్కు.

మొన్న హోసు పగిలిన బండి కింద
పళ్లెం పెట్టడం మరిచాను.
సుక్రి జానీ కుక్క భాలు
నాలుగు నాకులు నాకాక చూశాను.
గంటలో దాని కాళ్లు తాగుబోతు కాళ్లు.
పొట్టంగిలో పశువుల డాక్టరు సెలవు.
కోరాపుట్ డాక్టరు ఫోనులో దొరికి,
"కిడ్నీల్లో గాజుపెంకుల్లాంటివి పేరకముందే...
సారా ఉందా?" అన్నాడు.
సుక్రి నవ్విందో ఏడ్చిందో తెలీలేదు.

కాలేయం ముందు రెండూ పెడితే
అది సారానే ముందు ముట్టుకుంటుందట.
గ్లైకాల్ వరసలో నిలబడి నిలబడి
విషమయ్యే తీరిక దొరక్క
ఉచ్చలో పోతుందట.

కొలత డాక్టరుది, దవడ పట్టింది నేను,
పోసింది సుక్రి, పాత నీళ్ల సీసాతో.
ఆ సీసా ప్లాస్టిక్కు పుట్టింది గ్లైకాల్ నుంచే.
నా ఖాకీ చొక్కాలో నూలు కానిదంతా అదే.
ఆ రాత్రి నా ఒంటి మీద, ఆమె చేతిలో,
కుక్క కడుపులో
ఒకటే సరుకు.
ఒకచోట బట్ట, ఒకచోట సీసా,
ఒకచోట చావు.

సారా డబ్బులు సుక్రి అడగలేదు.
కూలెంట్ డబ్బులు లారీవాడు ఎగ్గొట్టాడు.

మూడోనాడు పొద్దున్నే భాలు లేచి,
ఒళ్లు దులిపి,
పదహారు టన్నుల బండి వెనకటైరు చూసుకుని
నింపాదిగా కాలెత్తింది.
దాలినాయుడుంటే చప్పట్లు కొట్టీవోడు.

నేను పళ్లెం వెతుక్కుంటూ వెళ్లాను.