ఎర్ర టేపు చుట్టిన బిళ్ళ

ఆదివారంతో లోహితకి అయిదు నిండుతాయట.
"తప్పకుండా రండి. చప్పుడు చేసే బొమ్మ మాత్రం తేకండి,
కాస్త చదువుకి పనికొచ్చేదైతే..."
అంది వాళ్ళమ్మ గీర్వాణి, మెట్ల మీద, నవ్వుతూనే.
నేను పూర్ణా మార్కెట్ వెనక
మైకుసెట్లు బాగుచేసే మనిషిని.
చప్పుడే నా కూడు.

శుక్రవారం పెందలాడే షాపు కట్టేసి
డాబాగార్డెన్స్‌లో అద్దాల కొట్టుకెళ్ళాను.
"బాబా, పాపా?" అన్నాడు కుర్రాడు.
పాప అనేసరికి
వాడి చెయ్యి దానంతటదే గులాబిరంగు అరకేసి పోయింది:
వేలెడు పొయ్యి, వేలెడు కుక్కరు, వేలెడు చీపురు.
అప్పుడే అంట్లెందుకులే నాయనా, అన్నాను.
"అయితే ఎడ్యుకేషనల్" అన్నాడు గొంతు తగ్గించి,
మందుల షాపులో పెద్ద డాక్టరు పేరు చెప్పినట్టు.

నొక్కితే ఏనుగు ఇంగ్లీషులో నేను ఏనుగునంటుంది.
ఇంకోసారి నొక్కితే మళ్ళీ అదే.
లోపలి స్పీకరు రూపాయి బిళ్ళంత,
నెల తిరక్కుండా బొంగురు పోతుంది, నాకు తెలుసు.
లెక్కలకి పూసల చట్రం ఉంది.
భూగోళం ఉంది, దాని మీద మన విశాఖపట్నం
ఒక చుక్కకి కూడా నోచుకోలేదు.
ఏటికొప్పాక లక్క బొంగరం అరచేతిలో పెట్టుకుంటే
పిట్టంత తేలిక.
అదొక్కటీ కొన్నాను.
అయినా మనసు అక్కడ ఆగలేదు.

మొన్న ఆ గుంట నా షాపుకొచ్చి
కాలిపోయిన స్పీకర్ల కుప్ప పక్కన గొంతుక్కూచుని
కింద పడ్డ మేకు లేచెళ్ళి అతుక్కోవడం చూసింది.
"అంకుల్, దీనికి ఆకలా?" అంది.
ముప్పయ్యేళ్ళుగా వాటి మధ్యే ఉన్నాను,
ఆ ముక్క నాకెప్పుడూ తట్టలేదు.

రాత్రి, పోయిన ఎలక్షన్లలో
అరిచి అరిచి చచ్చిన స్పీకరొకటి విప్పాను.
కాగితం చినిగింది, రాగి చుట్ట మాడింది,
అయస్కాంతం మాత్రం
ఏ పార్టీ వాళ్ళు ఏం చెప్పినా విననట్టుంది.
పూరీ అంత బిళ్ళ. ఏ నోట్లోనూ పట్టదు.
అంచులు గరుకు కాగితంతో రుద్ది
మూడు వరసలు ఎర్ర టేపు చుట్టి
నడిమి కంతలోంచి జానెడు తాడు కట్టాను.
పెట్టె లేదు.
పెట్టె మీద నవ్వే తెల్ల పిల్లాడూ లేడు.

పుట్టినరోజుకి ఏనుగులు నాలుగొచ్చాయి.
నాలుగూ ఒక్కసారే తాము ఏనుగులమని చెప్పుకుంటున్నాయి.
గీర్వాణి నావైపు చూసింది.
నేను కేకు తింటున్నాను.
నా పొట్లం విప్పి, మర్యాదకి "బావుంది" అని
ఎత్తుగా ఫ్రిజ్ మీద పెట్టబోయింది.
దార్లోనే తలుపు దాన్ని లాగేసుకుంది.
పీకడానికి ముగ్గురు పట్టారు.
లోహిత నవ్వీ నవ్వీ
నేల మీద దొర్లింది.
బొంగరం ఎవరివో తాతగారు తిప్పుకుంటున్నారు.

మర్నాడు సాయంత్రం బీచి.
అల తీసిపోయిన చోట ఇసకలో నల్ల చారలుంటాయి, చూసే ఉంటారు.
తాడు పట్టుకుని, కుక్కపిల్లని నడిపించినట్టు,
బిళ్ళని ఈడ్చుకుంటూ పోయింది.
తిప్పి చూస్తే చుట్టూ నల్లటి గెడ్డం!
గవ్వ పెట్టి చూసింది. రాలేదు.
పిడత కింద పప్పులో పల్లీ. రాలేదు.
కాలి వెండి పట్టీ. రాలేదు.
నా తాళాల గుత్తి, టక్కున పోయింది.
"ఆ నల్లవే ఎందుకొస్తాయండీ, తెల్లవెందుకు రావు?"
అడిగింది గీర్వాణి.
చెప్పులు చేతిలో, చీర కుచ్చిళ్ళు తడిసి.
ఇనుమేదో ఉంటుందమ్మా, అన్నాను.
అంతకు మించి నాకూ తెలీదు.

దూరంగా లంగరేసిన ఓడ.
లోహిత దానికేసి బిళ్ళ చాపి
కదలకుండా నిలబడింది చాలాసేపు.
"రావట్లేదమ్మా."
గీర్వాణి వంగి, ఆ మోచేతి కింద తన చెయ్యి ఆన్చింది.
"ఇంకాసేపు పట్టుకోవే."