మన్యంకొండ దిగుడు

షోరూం పిల్లగాడు కాగితం వెనుక గీసి చూపిండు:
పెట్రోలు ఒక చెయ్యి, బ్యాటరీ ఒక చెయ్యి,
రెండు చేతుల బండి, మేడమ్.
మామూలు దానికంటె మూడు లక్షల నలభై వేలు ఎక్కువ.
ఆ నలభైని మెల్లగ చెప్పిండు,
చేదు గోలిని బెల్లంల పెట్టినట్టు.

ముప్పై ఏండ్ల సంది లెక్కల టీచర్ను.
పాలమూరు నుంచి మక్తల్, పోను రాను నూట ఇరవై నాలుగు.
ఉన్న బండి లీటరుకు పదహారు,
అదీ ఏసీ బందు పెడితే.
కొత్తది ఇరవై అయిదట.
రోజుకు మూడు వందల మిగులు,
బడి నడిచేది ఏడాదికి రెండు వందల ఇరవై దినాలు.
భాగిస్తే
ఐదేండ్ల రెండు నెలలకు అసలు తీరుతది.
నా సర్వీసు
మూడేండ్ల ఎనిమిది నెలలు.

వెనుక సీట్ల నుంచి తయ్యబా మేడమ్ అన్నది:
"పెట్రోలు నలుగురం కదా పోయించేది,
మిగులు గూడ నలుగురిదే."
ఆమె చెప్పేది జీవశాస్త్రం. అయినా కరెక్టే.
నా వాటా డెబ్బై అయిదు రూపాయలు.
అసలు తీరనీకె ఇరవై ఏండ్లు.
అప్పటికి నాకు డెబ్బై ఏడు.
బాలకిష్టయ్య సారు నవ్వి నవ్వి దగ్గిండు.
ఆదా అందరిది, కిస్తీ నాది.

కాని ఆ దినం
నడిపి చూడుమని తాళం ఇచ్చిండ్రు గద,
మన్యంకొండ దిగుడుల కాలు తీసిన.
ఇంజను మాట బందయింది.
అద్దం కింద ఒక పచ్చ బాణం
చక్రాల దిక్కు నుంచి వెనక్కి మర్లింది.
దిగేటప్పుడు వస్తదట, మళ్ల ఎక్కనీకె.
ఎన్నేండ్లు దిగిన ఈ తొవ్వ,
బ్రేకు మీద కాలేసి,
ఎంత వేడి గాలికి పోయిందో
ఒక్కనాడన్న అడిగిన్నా?

పదో తరగతి బోర్డు మీద పేరు చెప్పకుండ రాసిన:
ఒక టీచరు ఒక బండి కొనాలనుకుంది.
పిల్లలు గబగబ తేల్చిండ్రు. నష్టం, నష్టం, నష్టం.
నాగలత మాత్రం పెన్ను మూత పెట్టి లేచింది,
ఆమె నాయిన ఆటో తోల్తడు:
"రిటైర్ అయినంక టీచర్,
ఆ బండిల ఆమె యాడికి పోతది?"

అది లెక్కల లేదు, కూసో అన్న.
బెల్లు కొట్టిండ్రు. బోర్డు తుడవలే.

మాపటికి దేవరకద్ర సంత రద్దీల
గొర్ల నడుమ, మేకల నడుమ ఇరుక్కొని
పాత బండి గుర్రుమంటనే ఉన్నది.
ఏసీ పెట్టిన.
బాలకిష్టయ్య సారు నా దిక్కు చూసి
మెల్లగ అద్దం ఎక్కించిండు.
పైసల ముచ్చట ఎవరూ తియ్యలే.