మూడో వేళ

బల్లారట్‌లో జూన్. కారు అద్దం మీద మంచు
పాత బ్యాంకు కార్డుతో గీకాల్సినంత.
నీళ్ల ల్యాబులో హీటరు ఒక పక్కే వెలుగుతుంది.
ఎడమ భుజం కర్నూలు ఎండలో, కుడిది ఫ్రిజ్‌లో.

గ్వెండా వచ్చి నా బల్ల అంచు మీద సగం కూర్చుంది.
"మంగళవారం తేవాల్సిన నమూనా, హైమవతీ,
వ్యాను టైరు పోయి గురువారం తెచ్చాం.
నీళ్లు మాత్రం బంగారం.
ఫైలు మీద తేదీ ఒక్కటి మంగళవారమైతే చాలు."
చెడ్డది కాదామె. ఈ ఊళ్లో నా పేరు మొత్తం పలికేది
తనొక్కతే. నా పురిటి సెలవులో
నా వంతు శనివారాలు కూడా తనే చేసింది.

నల్లటి తెర.
టచ్. ఒక ఖాళీ. చిన్న గీత. డి.
కొటేషన్ల మధ్య మంగళవారం, తొమ్మిదీ పది.
ఫైలు పేరు. ఎంటర్.

తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది ఆ తెర.
విప్పలేదు.

తాకడమని పేరు పెట్టారు దీనికి.
లోపల ఒక్క అంకె కదల్లేదు,
మడ్డి పాయింటు మూడు, క్లోరిన్ పాయింటు ఆరు,
అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
గురువారం మాత్రం లేదు.

మా మేనమామ ఆదోనిలో దస్తావేజులు రాసేవాడు.
ట్రంకుపెట్టె అడుగున పాత స్టాంపు కాగితాలు
పదో పన్నెండో, అడిగినవాళ్లకి అడిగిన ఏడాది.
కొత్త సిరా మెరుస్తుందని
టీ డికాక్షన్‌లో దూది ముంచి అద్ది
రెండ్రోజులు బియ్యం డబ్బాలో దాచేవాడు.
అత్త ఆ బియ్యం కడుగుతూ సణిగేది,
"ఈ ఇంట్లో అన్నం కూడా వెనకటి తేదీదే."
మామ వేళ్లకి ఎప్పుడూ టీ మరక.
నా వేళ్లు చూసుకున్నాను.
హ్యాండ్‌క్రీము వాసన, అంతే.

ఇంటికెళ్లబోతూ, ఎందుకో, స్టాట్ అని కొట్టాను.
ప్రతి ఫైలుకీ మూడు వేళలు.
చదివిన వేళ: మంగళవారం.
రాసిన వేళ: మంగళవారం.
మూడోది, వివరం మారిన వేళ:
శుక్రవారం, నాలుగూ ఇరవై రెండు, పదిహేడో సెకను,
సెకను వెనక తొమ్మిది దశాంశాలు.
దాన్ని మార్చే ఆజ్ఞ నాకు లేదు.
మళ్లీ తాకితే, మళ్లీ తాకానని రాసుకుంటుంది.

మూడో కంటికి తెలియకుండా, అనేవాడు మామ
కాగితం మడిచి ఇస్తూ.
ఆ కన్ను ఎవరిదో
నేనూ అడగలేదు.

శనివారం, ఆదివారం కుళాయి నీళ్లే తాగాం.
బాగానే ఉన్నాయి.

సోమవారం అందరికంటే ముందు వెళ్లాను.
ఫైలు చివర ఒక వరస రాశాను,
వ్యాను, టైరు, గురువారం. కింద నా పేరు
నాలుగక్షరాలూ.
రాసిన వేళ సోమవారానికి జరిగింది.
అలాగే వదిలేశాను.

గ్వెండా ఇంకా రాలేదు.
హీటరు వేసి, వెలిగే పక్కని
ఆమె కూర్చునే వైపు తిప్పాను.