అక్టోబరు సంచి

ఎన్నికలింకా ఎంత దూరమో నా ఎడమ భుజం చెబుతుంది.
జూలైలో కరెంటు బిల్లులు, అరా కొరా పెళ్ళికార్డులు.
అక్టోబరు వచ్చిందంటే నున్నటి అట్టలు,
వేలు తెగేంత కొత్తవి.

అయోవాలో, మొక్కజొన్న కోసేసిన చేల మధ్య
ఇరవై రెండేళ్ళుగా ఇదే బీటు నాది.
ఎవరి డబ్బాలో కందిరీగలు గూడు కట్టాయో తెలుసు,
ఎవరి కుక్కది ఉత్త అరుపో తెలుసు.
ఏ గుమ్మానికి ఏ భయం అతుకుతుందో మాత్రం
నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎక్కడో కూర్చున్నారు.
యాన్సన్ ఇంటికి: మీ తుపాకి లాక్కుంటారు.
పక్కింటి లూసిల్‌కి: మీ పింఛను లాక్కుంటారు.
ఒకటి ఎరుపు, ఒకటి నీలం.
మూలన చూస్తే ప్రెస్సు ఒకటే.

మెరిట్ ఓస్గార్డ్ మళ్ళీ నిలబడ్డాడు.
బడిలో నా వెనక వరసలో ట్రాంబోన్ ఊదేవాడు, శ్రుతి తప్పేవాడు.
ఒక అట్టమీద పసుపు వెలుగులో మనవరాలిని ఎత్తుకుని నవ్వుతాడు.
ఇంకో అట్టమీద బూడిద రంగులో, నోరు సగం తెరిచి, జేబుదొంగలా.
తేరిపార చూశాను. అదే ఫొటో.
పిల్లని కత్తిరించేశారు, అంతే.

అడుగున చీమతలంత అక్షరాల్లో పంపినవాళ్ళ పేరు:
రేపటి కుటుంబాల సమితి.
చిరునామా వర్జీనియాలో ఒక పోస్టుబాక్సు.
పోస్టుబాక్సులో ఏ కుటుంబమూ కాపురం ఉండదని
నాకు ఇంకెవరు చెప్పాలి?

మా ఊరి పేపరున్నప్పుడు ఆర్డిత్ వెంట్ ఉండేది.
కౌంటీ మీటింగుల్లో వెనక కుర్చీలో స్వెటరు అల్లుకుంటూ.
ఆమె సూదులు ఆగితే
మాట్లాడుతున్నవాడు గొంతు సవరించుకునేవాడు.
ఆఖరి సంచిక పంచింది కూడా నేనే.
ఆ ఆఫీసులో ఇప్పుడు గోళ్ళకి రంగులేస్తారు.
నేను నడుస్తుంటే ఒక వరండాలో మొదలైన టీవీ అరుపు
పక్క వరండాలో ఇంకో చానెల్ పూర్తి చేస్తుంది.
మా కౌంటీ పేరు మాత్రం ఏ నోటా రాదు.

వసంతంలో ఒక బిల్లుండేది.
అందులో మూడు లైన్లు మా బావుల గురించి:
ఎరువు దిగిన నీళ్ళని ప్రభుత్వమే పరీక్ష చెయ్యాలని.
రాసింది మెరిట్. ఆ మాట నిజమే.
బిల్లు బయటికొచ్చేసరికి ఆ లైన్లు లేవు.
చెయ్యి పెట్టినవాడెవరూ లేడట. ఎరువుల సంఘంవాళ్ళు
ఆ రాత్రి విందు మాత్రం ఇచ్చారట.
మెరిట్‌ని అడిగాను, పెట్రోలు బంకులో.
పంపు మీటరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఊరి పైపులైను ఆగిపోయిన చోట, చివరి డబ్బా బ్రినా డీట్రిక్‌ది.
చంటిదానికి ఆరు వారాలు.
నీళ్ళు బాగా మరిగించే పాలు కలుపుతున్నానండీ, అంది గర్వంగా.
మరిగేకొద్దీ ఆ విషం చిక్కబడుతుందని
ఆమెకి ఎవరూ అట్ట పంపలేదు.
ఆ వారం ఆమెకి నేనిచ్చినవి పదిహేడు.

నోటితో చెప్పాను. తలూపింది,
చేతిలో అట్టలవైపు చూసిన చూపుతోనే.
ఆ రాత్రి ఒక కార్డు కొని చేత్తో రాశాను:
మరిగించొద్దు. సీసా నీళ్ళు కొను. బావినీళ్ళు పరీక్ష చేయించు. వెర్లీన్, పోస్టు.
స్టాంపు అంటించాను, రూలు రూలే.
పొద్దున నా సంచిలో నేనే వేసుకుని
మిగతావాటితో పాటు డబ్బాలో పెట్టాను.

శుక్రవారం ఆమె చెత్తబుట్ట రోడ్డు మీదుంది,
అంచుదాకా నున్నటి అట్టలతో.
చేత్తో రాసింది వాటిలో ఉందో లేదో
వంగి చూడలేదు.
మెట్లమీద ఒక నీళ్ళ క్యాను ఉంది.
ఖాళీదో, నిండుదో.