రూలోఫ్ జేబులో రేకుడబ్బా

గ్రోనింగెన్‌లో ఆరూ పదికి రైలెక్కేటప్పటికే
రూలోఫ్ మెడలో ప్రవేశపు బిళ్ళ.
రాత్రే ప్రింటు తీసి, అట్ట కోసి, తాడు కట్టుకున్నాడట.
సంస్థ పేరు అన్నచోట
'హెయింగ బొత్తాలు' అని సిరాతో.

అరవై తొమ్మిదేళ్ళు. సదస్సనేది ఇదే మొదటిసారి.
వానకోటు జేబులో ఏదో గలగల.
"సాంపిళ్ళు," అన్నాడు. "వట్టి చేతుల్తో ఎలా వెళ్తాం?"

అతని వెబ్‌సైటు కట్టింది నేను.
మూడువేల రెండొందల బొత్తాలకి ఫోటోలు తీశాను,
ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి.
కొమ్ము, గవ్వ, గాజు, కొయ్య,
పాలవిరుగుడుతో చేసిన పాతకాలపువి కూడా.
ఏడు వారాల్లో వచ్చిన ఆర్డర్లు పదకొండు.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
ఆమర్స్‌ఫోర్ట్ దాకా వాన గురించే మాట్లాడుకున్నాం.

ఊట్రెక్ట్‌లో ఆ హాలు
విమానాలు దాచుకునేంత ఉంది.
వేదిక మీద నల్లకోటు కుర్రాడు
ఎర్రగీత ఒకటి తెర మీద జారిపోతుంటే చెప్పాడు:
బుట్ట నింపుకున్నవాళ్ళలో సగానికి పైగా
డబ్బు కట్టకుండానే వెళ్ళిపోతారు.
రూలోఫ్ నా చెవిలో, "ఎవరు వాళ్ళు?"
"ఎవరో. తెలీదు."
"అడగరా?"

అతని షాపులో కొనకుండా పోయినవాళ్ళు అతనికి గుర్తే.
మొగుడి కోటు బొత్తాం ఒక్కటి గుప్పిట్లో తెచ్చి
వెలుతురులో పెట్టి పెట్టి చూసి
రంగు కలవలేదని వెళ్ళిపోయింది బేకరీ ఆవిడ.
నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది.
కోటే మార్చేశాం, అని చెప్పడానికి.

"రాపిడి తగ్గించండి," అంటున్నాడు కుర్రాడు,
"కొనేవాడి దారిలో రాపిడన్నదే ఉండకూడదు."
నేను రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.
రూలోఫ్ తన చొక్కా బొత్తాన్ని కాజాలోంచి తీసి
మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.
"రాపిడి లేకపోతే ఇది నిలవదే,"
అన్నాడు. నాతో కాదు.

మధ్యాహ్నం, చెల్లింపు మిషన్ల స్టాలు.
వేలితో, చూపుతో, చేతి గడియారంతో
డబ్బెలా కట్టొచ్చో నెర్గిస్ అనే అమ్మాయి చూపిస్తోంది.
రూలోఫ్ చూపు ఆమె ఎడమ మణికట్టు దగ్గరే ఆగిపోయింది.
"ఒకటి ఊడింది."
"పొద్దున్నే, ట్రాములో," చెయ్యి వెనక్కి దాచుకుంది.
రేకుడబ్బా మూత లేచింది.
అరచేతిలో పోసుకుని చూపుడువేలితో కెలికాడు,
బియ్యంలో రాయి ఏరినట్టు.
"పదకొండు మిల్లీమీటర్లు. నాలుగు కళ్ళు. బూడిదరంగు గవ్వ."
అచ్చం అదే.

"ఎంతండీ?"
"నలభై సెంట్లు."
ఆమె దగ్గర చిల్లర లేదు. నా దగ్గరా లేదు.
చుట్టూ అరవై మిషన్లు,
అన్నీ నమూనావే, ఒక్కటీ నిజం డబ్బు పుచ్చుకోదు.
"అరువు," అన్నాడు రూలోఫ్,
మెడలో బిళ్ళ తిప్పి వెనక ఆమె పేరు రాసుకుంటూ.
మొహంలో బోణీ అయిన కళ.

తిరుగు రైల్లో నా నోట్సు చదివి వినిపించాను.
"'కొనండి' బొత్తాం ఇంకా పెద్దది చెయ్యాలి,
ఆకుపచ్చగా, బొటనవేలికి అందేలా."
"ఎన్ని కళ్ళది?" అడిగాడు.
నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

జ్వోలె దాటాక, కళ్ళజోడు తుడుచుకుంటూ,
"ఆకుపచ్చ గాజువి ఆరు
మీ అక్క పేరున, మీ వీధికి పంపాను.
ఏ కోటుకి?"

పదకొండులో రెండు నావేనని ఎవరికీ చెప్పలేదు.
కిటికీలో పొలాలు లేవు, చీకటి, అందులో నా మొహం.
"ఇంకా కుట్టలేదు," అన్నాను.
"పొట్లంలో సూదీ దారం కూడా పెట్టానే.
దారం రంగు కలిసిందా?"

కలిసింది, అన్నాను.

సొరుగులో ఉంది ఆ పొట్లం.
అతని చేతిరాత మీద
టేపు వేసింది వేసినట్టే.